విరగకముందే కట్టు

ఆదివారం ఉదయం ఏడున్నరకి సిస్టరుగారు వంటగదిలో బల్ల మీద సంచీ సర్దుతున్నారు. ఉద్యోగం మానేసి నాలుగేళ్లయినా వీధివీధంతా ఆవిణ్ణి సిస్టరుగారనే పిలుస్తుంది. ముప్పై రెండేళ్లు పెద్దాసుపత్రి ఎముకల వార్డులో, అందులోనూ కట్లు కట్టే గదిలో పనిచేసిన మనిషి. సంచీలోకి నీళ్ల సీసాలు రెండు, బిస్కెట్ల పొట్లం ఒకటి వెళ్లాయి. వాటి వెనకే క్రేప్ బ్యాండేజీ చుట్టలు పన్నెండు, గాజుగుడ్డ చుట్టలు ఆరు, దూది, చెక్క బద్దలు రెండు, అంటించే టేపు, కత్తెర వెళ్లాయి.

కూతురు కాఫీ కప్పుతో వచ్చి సంచీలోకి తొంగిచూసింది. నెల కిందట పిల్లల కోసం పార్కు టికెట్లు కొన్నది ఆమే. తీరా ఆ రోజు వచ్చేసరికి భర్త పనిమీద ఊరెళ్లాడు, ఆమెకేమో లైబ్రరీలో డ్యూటీ పడింది. పిల్లలకిచ్చిన మాట అమ్మమ్మ నెత్తిన పడింది.

“అమ్మా, పార్కుకే కదా వెళ్తున్నది? యుద్ధానికి కాదుగా?”

“నాకు రెండు చోట్లనుంచీ పేషెంట్లు వచ్చేవాళ్లే,” అన్నారు సిస్టరుగారు.

కూతురు కాఫీ పక్కన పెట్టి కుర్చీ లాక్కుంది. “ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. పెద్దదాని సంగతి సరే, అది ఎవరి మాటా వినదు. చిన్నాడు మాత్రం నువ్వు చెప్పేవన్నీ వింటాడు. ఆరేళ్లొచ్చాయా, ఇప్పటికీ మెట్లు పక్కకి తిరిగి దిగుతాడు. బళ్లో వాణ్ణి గాజుబొమ్మ అంటున్నారట. జారుడుబల్ల దగ్గర రోజూ నిలబడతాడు, వంతు వస్తే వెనకవాళ్లకి దారిచ్చేస్తాడు. మొన్న టీచరు నన్ను పిలిచి, బాబుకి ఏమైనా జబ్బుందా అని అడిగింది.”

టీచరు సంగతి సిస్టరుగారికి ఇంతవరకూ తెలియదు. కత్తెర సంచీలో వేయబోయి ఆగారు.

“నేనేం వాణ్ణి పట్టుకుని ఆపుతున్నానా?”

“పట్టుకోవు. పేర్లు చెప్తావు.”

అది నిజమే. మనవడు కుర్చీ ఎక్కితే “మోచెయ్యి” అనేవారు. గోడ ఎక్కితే “చీలమండ” అనేవారు. అందులో కోపం గానీ, బెదిరింపు గానీ ఉండేవి కావు. కొందరు చెట్టుమీది పిట్టల్ని చూసి పేర్లు చెప్పినట్టు, ఆవిడ పిల్లల్ని చూసి విరగబోయే ఎముకల పేర్లు చెప్పేవారు. మనవరాలికి అవి ఒక చెవిలో దూరి ఇంకో చెవిలోంచి పోయేవి. మనవడి దగ్గర మాత్రం ఒక్కటీ పోలేదు.

“ఈ ఒక్కరోజూ వాణ్ణి ఏదో ఒకటి ఎక్కనివ్వమ్మా,” అంది కూతురు.

తొమ్మిదిన్నరకి ముగ్గురూ బస్సు దిగారు. మనవరాలికి తొమ్మిదేళ్లు, ఇంట్లో అందరూ ఉడుత అంటారు, ఎందుకో ఆమెను రెండు నిమిషాలు చూస్తే తెలుస్తుంది. మనవణ్ణి చంటి అంటారు.

తిరిగే చక్రాలూ, రంగుల రైళ్లూ దాటి చివరికంటా నడిస్తే ఆ పార్కులో సాహస క్రీడా స్థలం వస్తుంది. ఎత్తైన చెట్ల మధ్యన, మొత్తం కర్రతోనూ తాళ్లతోనూ కట్టిన కోట అది. మధ్యలో నాలుగంతస్తుల మేడంత బురుజు. దాని చుట్టూ తాళ్ల వంతెనలు, వలల గోడలు, దుంగల నిచ్చెనలు. బురుజు కొసన మొదలై మూడు మెలికలు తిరిగి ఇసుకలోకి దిగే పెద్ద గొట్టం, అది జారుడుబల్ల. అంత కోటలో ఎక్కడా ఒక్క మెట్టు లేదు. చూసినచోటల్లా పిల్లలే. వేలాడుతున్నారు, పాకుతున్నారు, ఒకరి భుజం మీంచి ఒకరు పోతున్నారు. ఎండ ఆకుల్లోంచి పడుతుంటే కోట మొత్తం కదులుతున్నట్టుంది.

సిస్టరుగారు నోరు తెరిచి నిలబడిపోయారు. ఇన్ని ఎముకల్ని ఒక్కచోట, ఇంత ఎత్తున ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

“అమ్మమ్మా, నేను” అని ఉడుత కింద మొదలుపెట్టిన మాటలో “వెళ్తున్నా” అన్నది పైనుంచి వినిపించింది.

చంటి మాత్రం బల్ల మీద అమ్మమ్మ పక్కన, రెండు పాదాలూ దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. వాడు పైకి చూసే తీరు సిస్టరుగారికి తెలుసు. వార్డు కిటికీలోంచి బయట వీధిని చూసే పేషెంట్లు అలాగే చూసేవారు. పొద్దున కూతురన్న మాట గుర్తొచ్చింది.

“నువ్వూ వెళ్లరా నాన్నా. ఏదో ఒకటి ఎక్కు.”

“పడితే?”

పేషెంటు అడిగినదానికి అబద్ధం చెప్పకూడదన్నది ఆవిడ ముప్పై రెండేళ్ల నియమం. “పడేటప్పుడు చెయ్యి ఆనిస్తాం కదా. అప్పుడు బరువు మణికట్టు మీద పడుతుంది.”

“విరుగుతుందా?”

“విరగొచ్చు.”

వాడు కుడిచేతి మణికట్టు వంక చాలాసేపు చూశాడు. “అమ్మమ్మా, మణికట్టు అంటారు కదా. పేరులోనే కట్టు ఉంది. మరి కట్టేదీ?”

“కట్టు విరిగాక కడతాం నాన్నా.”

“విరగకముందే కడితే?”

ఈ ప్రశ్న ఆవిణ్ణి డాక్టర్లు కూడా ఎప్పుడూ అడగలేదు. సిస్టరుగారు ఆలోచించారు. కట్టకూడదని ఎక్కడా రాసిలేదు. పైగా వాడు పైకి వెళ్లడానికి సాయం అడగడం పుట్టాక ఇదే మొదలు. సంచీలోంచి క్రేప్ బ్యాండేజీ తీసి, బొటనవేలు చుట్టూ ఒక చుట్టు, మణికట్టు చుట్టూ మూడు, మళ్ళీ అరచేతి మీదుగా అడ్డంగా ఒకటి వేసి, కొస మడిచి టేపు అంటించారు. రెండో చేతికీ అలాగే కట్టారు.

“ఇంక విరగదా?”

“నేను కట్టాక ఇంతవరకూ ఎవరికీ విరగలేదు,” అన్నారు. అది నిజమే. అందరికీ ముందే విరిగి ఉండేవి.

చంటి లేచాడు. దుంగల నిచ్చెన దాకా నడిచాడు. మొదటి దుంగ ఎక్కి అమ్మమ్మ వంక చూశాడు. ఆవిడ నాలుక చివర ఒక పేరు కదిలింది. పళ్లు బిగించి ఆపేశారు. రెండో దుంగ ఎక్కాడు. మూడోదాని మీంచి వల మీదికి పాకాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో, కాలు ముడి తప్పి వెల్లకిలా పడ్డాడు.

సిస్టరుగారు సగం లేచి అక్కడే ఉండిపోయారు. వల కిందికి సాగింది, వాణ్ణి రెండుసార్లు పైకి ఎగరేసింది, ఆగింది. వాడు పడుకునే చేతులు రెండూ కళ్ల ముందుకు తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత నవ్వాడు. లేచి, ఇంకోసారి కావాలని పడ్డాడు.

ఆవిడ నెమ్మదిగా కూర్చున్నారు. ముప్పై రెండేళ్లలో ఆవిడ దగ్గరికి వచ్చిన పిల్లలందరూ పడి విరగ్గొట్టుకున్నవాళ్లే. సిస్టరుగారూ, ఇవాళ నేను చెట్టెక్కి దిగాను, నాకేం కాలేదు అని చెప్పడానికి ఒక్కడంటే ఒక్కడు ఆ గది తలుపు తట్టలేదు. అందువల్ల అలాంటివాళ్లు లేరనే అనుకున్నారు. ఇప్పుడు చూస్తే ఈ కోటనిండా వాళ్లే. పడుతున్నారు, లేస్తున్నారు, పడ్డ సంగతి కూడా మర్చిపోయి పోతున్నారు. ఏ ఆటస్థలంలోనైనా రోజంతా ఇదే జరుగుతుంటుందన్నమాట.

పైకెక్కే పిల్లలతో పాటు, ఎక్కలేక కింద నిలబడిపోయే పిల్లలూ ప్రతిచోటా కొందరుంటారు. వాళ్లలో కళ్లజోడుకి తాడు కట్టుకున్న ఒక పాప వల పక్కనుంచి చంటిని అడిగింది.

“చేతికేమైంది?”

“ఏం కాలేదు. కాకుండా కట్టింది.”

“ఎవరు?”

చంటి బల్లకేసి చూపించాడు.

రెండు నిమిషాల్లో కళ్లజోడు పాప సిస్టరుగారి ముందు చెయ్యి చాచి నిలబడింది. “నాకు కూడా కడతారా అమ్మమ్మగారూ? నాకు మోచేతులంటే భయం.” ఆవిడ కట్టారు. పాప వెళ్లి వంతెన ఎక్కింది. ఆ పాప వెనక ఒకడు వచ్చాడు, వాడి వెనక కవలలిద్దరు వచ్చారు. కాసేపటికి బల్ల ముందు వరస తయారైంది.

“నీకేం నాన్నా?”

“మోకాళ్లు భయం.”

“నీకమ్మా?”

“తల.”

ఒక బొద్దు పిల్లవాడు బెదురుగా వచ్చి, “నాకు అన్నీ భయమే,” అన్నాడు.

“అన్నీ కట్టలేను నాన్నా. బాగా భయం వేసేది ఒక్కటి చెప్పు.”

వాడు తీవ్రంగా ఆలోచించి, “ముక్కు,” అన్నాడు. ఆవిడ ముక్కు మీద టేపు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అంటించారు. వాడు దాన్ని వేలితో తడిమి చూసుకుని, గుండె నిండా గాలి పీల్చుకుని వల వైపు నడిచాడు.

నాలుగేళ్లుగా కూరలు తరుగుతున్న చేతులు పాత వేగం అందుకున్నాయి. ఎవరికీ నొప్పిలేని కట్లు కట్టడంలో ఇంత హాయి ఉంటుందని ఆవిడకి తెలియదు. ఎవరూ ఏడవలేదు. ఎవరూ అమ్మా అని అరవలేదు. కట్టగానే లేచి పరుగెత్తుతున్నారు. పదకొండు దాటేసరికి గాజుగుడ్డ సగం అయిపోయింది. ఇరవై మూడో పిల్లకి కట్టేసరికి సంచీలో బద్దలు రెండూ, కత్తెరా, కాస్త టేపూ, నీళ్ల సీసాలూ మిగిలాయి.

ఆ సమయానికి కళ్లజోడు పాప తండ్రి రెండు కాఫీ కప్పులతో తిరిగొచ్చాడు. ఆయనది కళ్లజోళ్ల దుకాణం. దూరంలో ఉన్నవాటిని కూడా తేటగా చూసే మనిషి. వంతెన మీద మోచేతికి కట్టుతో కూతురు కనిపించింది. ఆమె ముందున్న పిల్లకి తలకి కట్టు. వెనకున్నవాడికి మోకాలికి. ఆ పక్కన ఒకడి చెయ్యి మెడకి వేలాడుతోంది. కాఫీ కప్పులు రెండూ ఆయన చేతుల్లోంచి జారి బూట్ల మీద పడ్డాయి.

పక్కనే ఐస్‌క్రీమ్ బండి ఉంది. “ఇక్కడ ఏం జరిగింది?” అనడిగాడు.

బండి ఆయన అప్పటిదాకా అటు వీపు పెట్టి ఐసు కొట్టుకుంటున్నాడు. “ఏదో పెద్దదే అయ్యుంటుంది సార్. అరగంట నుంచి ఆవిడ కడుతూనే ఉంది.”

కళ్లజోళ్ల ఆయన పార్కు గేటు దగ్గరున్న భార్యకి ఫోన్ చేశాడు. అక్కడ కాపలా ఉన్నాయన ఆమె పక్కనుంచి ఆ ఫోను విని, తన చేతిలోని వైర్‌లెస్ సెట్లో, “తాళ్ల దగ్గర పిల్లలకి దెబ్బలు, ఇరవైమంది దాకా,” అని చెప్పాడు. పిల్లల రైలు స్టేషన్ దగ్గర ఉన్నాయన దాన్ని అందుకుని ఆఫీసుకి అందించాడు. మేనేజరు చెవిన పడేసరికి తాడు తెగింది, వంతెన కూలింది, ఇరవైమంది కింద పడ్డారు.

మేనేజరు ఆ ఉద్యోగంలో చేరి మూడు వారాలు. అంతకుముందు హోటల్లో పనిచేశాడు. అక్కడ ఎంత పెద్ద గొడవైనా మర్యాదగా నాలుగు మాటలు చెబితే సర్దుకునేది. వెంటనే మైకు అందుకుని పార్కు మొత్తానికి వినిపించేలా చెప్పాడు. “గౌరవనీయులైన సందర్శకులకు మనవి. సాహస క్రీడా స్థలంలో ఎలాంటి ప్రమాదమూ జరగలేదు. తల్లిదండ్రులు కంగారుపడి అటువైపు పరుగెత్తవద్దు.”

అప్పటిదాకా పార్కులో ఆ సంగతి నలుగురికే తెలుసు. మైకు ఆగిన మరుక్షణం నాలుగు దిక్కులనుంచీ జనం పరుగెత్తుకొచ్చారు. చక్రం మీద ఉన్నవాళ్లు చక్రం ఆపించి దిగి మరీ వచ్చారు. పిల్లలు లేనివాళ్లు కూడా వచ్చారు.

ఒక తల్లి కొడుకుని వలమీంచి లాగి గుండెకి హత్తుకుంది. “ఎక్కడ నాన్నా దెబ్బ?”

“దెబ్బ లేదమ్మా.”

“నొప్పిగా ఉందా?”

“లేదు.”

ఆమె మొహం పాలిపోయింది. “నొప్పి కూడా తెలీట్లేదంటున్నాడు,” అని చుట్టూ ఉన్నవాళ్లతో అంది.

“నరం దెబ్బతింటే అంతే,” అన్నాడు కళ్లజోళ్ల ఆయన.

ఆ మాట గుంపులో ఇటు చివరినుంచి అటు చివరికి పాకింది. ఎవరి పిల్లల్ని వాళ్లు పట్టుకుని నొప్పిగా ఉందా అనడగడం, లేదనగానే బావురుమనడం మొదలైంది. బొద్దు పిల్లవాడి తండ్రి వాడి ముక్కు చూసి, “ఒరేయ్, ముక్కొక్కటేనా?” అనడిగాడు.

“అన్నీ చూపించాను నాన్నా. అన్నీ కట్టలేనంది,” అన్నాడు వాడు.

తండ్రి ఇసుకలో కూలబడ్డాడు.

సిస్టరుగారు చెప్పులు విప్పి బల్లెక్కి నిలబడ్డారు. “అయ్యా, అమ్మా, నా మాట వినండి. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్కరికి గీత కూడా పడలేదు.”

“నర్సులు అలాగే చెప్తారండీ,” అంది ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ. “మా మామగారప్పుడు కూడా చివరిదాకా అదే చెప్పారు.”

మేనేజరు రొప్పుతూ వచ్చాడు. కట్లు లెక్కపెట్టాడు. అంబులెన్సుకి ఫోన్ చేసి, “ఒకటి చాలదు, రెండు పంపండి. ఇరవై మూడు మంది,” అన్నాడు. చేతి మైకులో పిల్లలందర్నీ వెంటనే కిందికి దిగమన్నాడు. పనివాళ్లు ప్రవేశం దగ్గర అడ్డంగా తాడు కట్టేశారు. పిల్లలు ఎందుకు దిగాలో తెలియక సణుక్కుంటూ ఒక్కొక్కరే గొట్టంలోంచి ఇసుకలోకి రాలుతున్నారు.

ఉడుత పరుగెత్తుకొచ్చింది. “అమ్మమ్మా, తమ్ముడు దిగట్లేదు.”

“ఎక్కడున్నాడు?”

ఆమె బురుజు కొసకి చూపించింది. అంత ఎత్తున కటకటాలు పట్టుకుని చిన్న తల ఒకటి కనిపించింది.

“పిలిచాను. పలకట్లేదు. అలాగే కడ్డీ పట్టుకుని నిలబడిపోయాడు.”

సిస్టరుగారి పైప్రాణాలు పైనే పోయాయి. వాడు అంతదాకా ఎక్కాడన్న సంగతి ఒక్క క్షణం ఆవిడకి తలకెక్కలేదు. ఎక్కాక కిందికి చూసి బిగుసుకుపోయి ఉంటాడు. తానే కట్టు కట్టి పంపించింది. ఉత్త గుడ్డ అది.

“మీరు ఆగండి అమ్మగారూ, మావాళ్లు తీసుకొస్తారు. పైకి ఇప్పుడెవర్నీ పంపడానికి వీల్లేదు,” అన్నాడు మేనేజరు, తాడుకి అడ్డంగా నిలబడి.

“పక్కకి జరుగు నాయనా,” అన్నారు సిస్టరుగారు. తప్పు కాలికి కత్తి పెట్టబోయిన పెద్ద డాక్టర్ని ఒకసారి ఆవిడ అదే గొంతుతో జరిపారు. మేనేజరు జరిగాడు.

ఆవిడ సంచీ భుజాన తగిలించుకుని దుంగల నిచ్చెన ఎక్కారు. అరవై రెండేళ్ల మోకాళ్లు రెండూ ఎవరూ అడక్కుండానే తమ పేర్లు చెప్పుకున్నాయి. వల దగ్గర ఎక్కడ కాలు వెయ్యాలో తోచలేదు. వెనకనుంచి ఉడుత చెప్పింది. “ఎడమకాలు ఆ ముడిమీద. చేతులు పైకి. కిందికి చూడకు అమ్మమ్మా, నన్ను కూడా చూడకు.” ఆవిడ చెప్పినట్టే చేశారు. రెండో అంతస్తులో వంతెన ఊగింది. తాడు అరచేతుల్లో కరకరలాడింది. ఒకసారి కాలు జారి వలమీద చతికిలపడ్డారు. వల ఆవిణ్ణి మెత్తగా పట్టుకుని, బరువు చూసి, తిరిగి పైకిచ్చింది. కాసేపు అలాగే కూర్చుని ఊపిరి తీసుకున్నారు. ఏమీ విరగలేదు. ఆ సంగతి ఆవిడ రెండుసార్లు తడిమి చూసుకుని మరీ నమ్మారు.

కింద గుంపు గోల కొంచెం కొంచెంగా దూరమైంది. పైకెళ్లేకొద్దీ ఆకుల చప్పుడు పెరిగింది. ఆఖరి నిచ్చెన మీద ఉడుత వెనకనుంచి రెండు చేతులతో తోస్తే, ఆవిడ బురుజు కొసన ఉన్న చిన్న చెక్క అరుగు మీదికి పాకారు.

“భయపడకు నాన్నా, నేనొచ్చాను,” అన్నారు రొప్పుతూ.

“ఉష్,” అన్నాడు చంటి, వెనక్కి తిరక్కుండానే.

వాడు ఆవిణ్ణి మాట్లాడొద్దనడం అదే మొదటిసారి. ఆవిడ కడ్డీ పట్టుకుని లేచి వాడి పక్కన నిలబడి, వాడు చూస్తున్నవైపు చూశారు.

చెట్ల తలలన్నీ కాళ్ల కింద ఉన్నాయి. చెట్టుని పైనుంచి చూడటం ఆవిడకి అదే మొదలు. ప్రతి కొమ్మా ఎండకేసి అరచెయ్యి చాచినట్టుంది. గాలి వస్తే ఆ పచ్చదనమంతా ఈ అంచునుంచి ఆ అంచుకి ఒక్కసారిగా వంగి లేస్తోంది. దానికవతల ఇళ్ల కప్పులు, ఆ వెనక ఎండలో మెరుస్తూ వంపు తిరిగిన నది, దానిమీద దారంలాంటి వంతెన, వంతెన మీద చీమంత రైలు. నది ఇవతల ఒడ్డున తెల్లగా అగ్గిపెట్టంత ఒక కట్టడం. అది ఏమిటో గుర్తుపట్టడానికి సిస్టరుగారికి కొంత సమయం పట్టింది. తను ముప్పై రెండేళ్లు పనిచేసిన ఆసుపత్రి. ఆవిడ జీవితమంతా ఆ అగ్గిపెట్టెలో కూర్చుని, ప్రపంచమంతా విరిగిపోతోందనుకున్నారు. ఎంత ప్రపంచం మిగిలి ఉందో ఇక్కణ్ణించి చూస్తే తప్ప తెలియలేదు.

ఉడుత కూడా కడ్డీ దగ్గరికొచ్చి చూసింది.

“కిందనుంచి పిలుస్తుంటే ఎందుకు దిగలేదురా?” అని చివరికి ఆవిడ మెల్లగా అడిగారు.

“దిగితే మళ్ళీ ఎక్కనివ్వరేమోనని.”

“భయం వెయ్యలేదా?”

“వేసింది. ఇది చూశాక మర్చిపోయాను.”

అప్పుడు వాడి చేతులు చూశారు. కట్లు లేవు. రెండు బ్యాండేజీలూ కడ్డీకి కట్టి ఉన్నాయి, గాలికి పొడుగ్గా ఎగురుతున్నాయి. “ఎంత దూరం ఎగురుతాయో చూద్దామని విప్పేశాను,” అన్నాడు వాడు. సన్నని మణికట్లు రెండూ కడ్డీ మీద ఉత్తగా ఉన్నాయి. ఆవిడ వాటి పేరు పలకలేదు. వాడి నెత్తిమీద చెయ్యి వేసి ఊరుకున్నారు.

కింద ఒక తల్లి ధైర్యం చేసి కొడుకు మోకాలి కట్టు విప్పింది. లోపల శుభ్రమైన మోకాలు బయటపడింది. ఆమె దాన్ని నొక్కి చూసింది, వంచి చూసింది. అది చూసి పక్కావిడ విప్పింది. పైనుంచి చూస్తే గుంపంతా తెల్లటి పట్టీలు చుట్టలు చుట్టలుగా ఊడదీస్తోంది. ఒక్కొక్కరుగా తలెత్తి బురుజు కొసకేసి చూడటం మొదలుపెట్టారు. అరుపులు ఆగిపోయాయి. అరవై దాటిన ఆడమనిషి ఒకావిడ అంత ఎత్తున, చెట్లమీద, ఇద్దరు పిల్లల మధ్య నిలబడి ఉంటే అరవడానికి ఎవరికీ నోరు రాలేదు.

దిగడం మాత్రం మిగిలింది. వలమీంచి వెనక్కి దిగడం ఆవిడ మోకాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఉడుత గొట్టం నోరు చూపించింది.

“ఇందులోంచా?”

“మూడు మెలికలే అమ్మమ్మా.”

“నేను ముందెళ్తా. నువ్వు నా వెనకే వచ్చెయ్. భయపడకు,” అన్నాడు చంటి, చీకటి గొట్టంలోకి కాళ్లు జాపి. మరుక్షణం వాడు లేడు. ఆ వేగానికి ఆవిడ తెల్లబోయారు.

సిస్టరుగారు సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఉడుత వీపుమీద చెయ్యి వేసి తోసింది. మొదటి మెలికలో వెలుతురు పోయింది. రెండో మెలికలో పైకీ కిందికీ తేడా పోయింది. ముప్పై రెండేళ్లు వార్డులో గొంతు పెంచని మనిషి నోట్లోంచి సన్నగా, పొడుగ్గా ఒక కేక వచ్చింది. ఆ కేకలో భయం ఎంతో, ఆనందం ఎంతో ఆవిడకే తెలియలేదు.

ఆ కేక ఆవిడకంటే ముందే కిందికి చేరింది. అప్పటికే ఇసుకలో లేచి నిలబడ్డ చంటి మేనేజరుతో, “మా అమ్మమ్మ వస్తోంది,” అన్నాడు. మేనేజరు హోటల్లో పనిచేసి వచ్చిన మనిషి. పెద్దావిడ దిగేటప్పుడు చెయ్యందించడం మర్యాద. గొట్టం ముందు మోకాళ్లమీద కూర్చుని, లోపలికి చెయ్యి చాచి, “నెమ్మదిగా అమ్మగారూ,” అన్నాడు.

సిస్టరుగారు నెమ్మదిగా రాలేదు.

ఇసుక అణిగాక చూస్తే మేనేజరు ఒక పక్క, ఆవిడ ఒక పక్క ఉన్నారు, మధ్యన సంచీ. మేనేజరు కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని పెదవి కొరుక్కుంటున్నాడు. ఆవిడ పాకుతూ వెళ్లి చెయ్యి అందుకుని రెండు వేళ్లతో మణికట్టు తడిమారు.

“ఇక్కడ నొప్పా?”

“చాలా.”

“వేళ్లు కదుపు. ఊఁ. విరిగింది నాయనా,” అన్నారు. పొద్దుటినుంచి ఆ పార్కులో ఆవిడ చెప్పిన మాటల్లో జనం వెంటనే నమ్మిన మాట అదొక్కటే.

సంచీలోంచి బద్దలు రెండూ తీశారు. కట్టడానికి గుడ్డ లేదు, పెద్దవాళ్లు విప్పి పడేసినవన్నీ ఇసుకలో తొక్కుళ్లపడి ఉన్నాయి. పిల్లల వంక చూసి, “ఎవరైనా ఒక కట్టు ఇవ్వండి నాన్నా,” అన్నారు. అప్పటిదాకా తల్లిదండ్రుల్ని కట్లు విప్పనివ్వని పిల్లలు నలుగురైదుగురున్నారు. వాళ్లు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. కళ్లజోడు పాప కాసేపు తటపటాయించి ముందుకొచ్చి మోచెయ్యి చాచింది. “నాది తీసుకోండి. నేను రెండు వంతెనలూ దాటేశాను.”

ఆవిడ కట్టు కడుతుంటే గుంపు ఊపిరి బిగబట్టి చూసింది. అంత వేగంగా, అంత మెత్తగా తిరిగే చేతుల్ని వాళ్లెవరూ చూసి ఉండరు. మేనేజరు కూడా నొప్పి మర్చిపోయి చూశాడు. కొస మడిచి టేపు అంటించడం అయ్యాక ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ సందట్లో పనివాళ్లు అడ్డంగా కట్టిన తాడు కిందనుంచి చంటి దూరి వెళ్లాడు. వాడి వెనక బొద్దు పిల్లవాడు, వాడి వెనక కవలలు. ఎవరూ ఆపలేదు. బొద్దు పిల్లవాడి ముక్కు మీద టేపు అప్పటికే ఊడిపోయింది. వాడు గమనించినట్టు లేదు.

అంబులెన్సులు రెండూ సైరన్ మోగించుకుంటూ వచ్చి ఆగాయి. మొదటిదాంట్లోంచి నడివయసు మనిషి ఒకాయన కాగితాల అట్టతో దిగి చుట్టూ చూశాడు. “ఇరవై మూడు మంది అన్నారు?”

“ఒక్కడినే,” అన్నాడు మేనేజరు.

ఆయన నిట్టూర్చి ఒక్క ఫారం ఉంచుకుని మిగతావి మడిచి జేబులో పెట్టుకున్నాడు. పేరు రాశాడు, వయసు రాశాడు. “దెబ్బ దేనివల్ల తగిలింది?”

మేనేజరు బల్ల మీద కూర్చుని జుట్టులోంచి ఇసుక దులుపుకుంటున్న సిస్టరుగారి వంక చూశాడు. ఇంకేమైనా చెప్పవచ్చా అని ఆలోచించినట్టే ఉంది.

“నర్సు వల్ల,” అన్నాడు.

“ప్రథమ చికిత్స చేసిందెవరు?”

“ఆవిడే.”

రెండు గళ్లలోనూ ఒకే మనిషిని రాయాల్సి రావడం తన సర్వీసులో ఇదే మొదటిసారని ఆయన ఎవర్నీ ఉద్దేశించకుండా అని, కలం మూత పెట్టుకున్నాడు.